మామిడికాయకు మూడు ఇంగ్లీషు మాటలు

మా ఇంగ్లీషు సార్ పోయారన్న సంగతి పదో తరగతి బ్యాచి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో పెట్టిన శుభోదయం బొమ్మకీ, ఇంకెవరో పెట్టిన కిరాయి ఇంటి ఫోటోకీ మధ్యలో ఉందా మెసేజి. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. మధ్యాహ్నం మూడింటికి దమ్మపేట దగ్గర వాళ్ళ తోటలోనే దహనం. నేనప్పుడు ఖమ్మంలో మా ఆఫీసులో ఎండుమిర్చి శాంపిల్ ముందు కూర్చుని ఉన్నాను. మిర్చిని బయటి దేశాలకు పంపే కంపెనీ మాది. సరుకు రంగు, వాసన, ఘాటు చూసి ఇంగ్లీషులో రిపోర్టు రాయడం నా పని. మెసేజి చదివి, ఫోన్ బోర్లా పెట్టి, సగంలో ఆగిన వాక్యం పూర్తి చేశాను. ఆ వాక్యంలో స్మోకీ అన్న మాట ఉంది. అది ఆయన నేర్పిందే. ఏడుపు రాలేదు. రిపోర్టు మెయిల్ చేసి సత్తుపల్లి బస్సెక్కాను.

ముందే చెప్పేస్తున్నాను, మా సార్‌కి ఇంగ్లీషు గొప్పగా వచ్చేది కాదు. మాటలన్నీ స్పెల్లింగు ఎట్లా ఉంటే అట్లా పలికేవారు. కోపం ఎక్కువ. వెనక బెంచీలో ఎవడైనా కునికితే చాక్‌పీసు సరిగ్గా నుదుటికి తగిలేది, ఆ గురి ఒక్కనాడైనా తప్పగా నేను చూడలేదు. వాళ్ళ తాతగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి దమ్మపేట వైపు భూములు కొన్నారు. ఎవరి దగ్గర కొన్నారు, ఎట్లా కొన్నారన్నది మా పెద్దవాళ్ళకు తెలుసు, నేనిక్కడ రాయను. ఆ భూమిలోనే వాళ్ళకు మామిడి తోట ఉంది. ఆయన మాత్రం పంతులు ఉద్యోగంలో చేరి, అడవి అంచున ఉన్న మా ఆశ్రమ పాఠశాలలో పాతికేళ్ళు పని చేశారు. మేమంతా హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళం. ఎక్కువ మంది కోయ పిల్లలమే.

ఆయనకొక పిచ్చి ఉండేది. మనిషి నోట్లో పెట్టుకున్న ప్రతిదాని రుచినీ ఇంగ్లీషులో చెప్పగలగాలని. అది సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు. అయినా శనివారం చివరి పీరియడు దానికే. ఒక స్టీలు డబ్బా పట్టుకుని వచ్చేవారు. మూత తీసేదాకా లోపల ఏముందో చెప్పేవారు కాదు. ఒకసారి ఉసిరికాయ ముక్కలు, ఒకసారి కాకరకాయ వేపుడు, ఒకసారి మెత్తబడిపోయిన అప్పడాలు. ఒకసారి ముక్కిపోయిన బియ్యం తెచ్చి తలా నాలుగు గింజలు నమలమన్నారు. దాన్ని మస్టీ అంటారని ఆ రోజు నుంచి నాకు మరుపు రాలేదు. కరక్కాయ చెక్క నాకించి, నాలుక బిగుసుకుపోయి మేము మాట్లాడలేక అవస్థ పడుతుంటే, "ఇదీ ఆస్ట్రింజెంట్ అంటే. వగరు. ఇప్పుడు పలకండి చూద్దాం," అని నవ్వేవారు. కట్టెల పొయ్యి మీద కాచి పొగ వాసన పట్టిన పాలు తెచ్చిన రోజు మాత్రం మాదే పైచెయ్యి. మా ఇళ్ళల్లో పాలే కాదు, అన్నం, నీళ్ళు, బొంతలు కూడా స్మోకీయే. ఆ మాట మాకు సార్ కంటే బాగా అర్థమైంది.

ఆయన క్లాసులో టేస్టీ అన్న మాట నిషేధం. నైస్ కూడా.

"టేస్టీ అంటే రుచి కాదమ్మాయ్, అది నీ సంతోషం. నీ సంతోషం సంగతి నేనడిగానా? నోట్లో ఏం జరిగిందో చెప్పు," అనేవారు.

నోట్లో ఏం జరిగిందో చెప్పడానికి మూడు ప్రశ్నలు పెట్టుకున్నారు. నాలుక మీద పడగానే మొదట ఏం తెలిసింది? నములుతుంటే ఏం మారింది? మింగాక ఏం మిగిలింది? మూడింటికీ మూడు మాటలు చెప్పాలి. ఇప్పటికీ నా రిపోర్టులు ఆ మూడు మెట్లలోనే నడుస్తాయి. మా మేనేజరు అది ఏదో పెద్ద కోర్సులో నేర్చుకున్న పద్ధతి అనుకుంటాడు. నేను కాదనలేదు.

ఈ చదువు వల్ల ఒకసారి గొడవైంది. హాస్టల్ పప్పును వర్ణించమని హోంవర్క్ ఇస్తే, క్లాసు మొత్తం వాటరీ అనీ, బ్లాండ్ అనీ రాసుకొచ్చింది. బ్లాండ్ అంటే ఉప్పూ కారం తగలని చప్పిడి. ఆ నోటుబుక్కులు వార్డెన్ చేతికి చిక్కాయి. ఆయనకు ఇంగ్లీషు తెలుసు.

"ఏంది సార్ ఇది? ఇంగ్లీష్ నేర్పమంటే పిల్లలకు చాడీలు నేర్పుతున్నరా?" అని స్టాఫ్ రూమ్ ముందే నిలదీశాడు.

"చాడీ కాదండీ, వర్ణన. మాట తప్పుగా వాడారేమో చెప్పండి, దిద్దుతాను," అన్నారు సార్. వార్డెన్ నోటుబుక్కులు ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఓ వారం పాటు పప్పు చిక్కబడింది, తర్వాత మళ్ళీ మామూలే.

ఆయన దగ్గర పొడుగాటి నోటుబుక్కు ఒకటుండేది. ఒక పేజీకి తిన్నవి అని, ఎదుటి పేజీకి చదివినవి అని పేరు పెట్టుకున్నారు. డిక్షనరీలో కనిపించిన రుచి మాటలన్నీ ముందు చదివినవి వైపు చేరేవి. ఆ రుచి తనకు తెలిసినప్పుడే తిన్నవి వైపుకు మారేవి. తినని రుచికి మాట చెప్పమని మేమడిగితే, "ఇది నాకు చదువు వరకే తెలుసు, నోటికి తెలియదు," అని ఒప్పుకునేవారు. తెలియదని ఒప్పుకున్న టీచరును నేను మొదట చూసింది అక్కడే. తర్వాత కూడా ఎక్కువ మందిని చూడలేదు. నాకు ఉద్యోగం వచ్చాక చాక్లెట్‌లో నల్లగా చేదుగా ఉండే రకం ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. ముక్క తుంచుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించి, నోటుబుక్కు తెప్పించి బిట్టర్‌స్వీట్ అన్న మాటను ఈ పేజీలో కొట్టేసి ఆ పేజీలో రాశారు. థాంక్స్ చెప్పలేదు. మిగిలిన చాక్లెట్ డ్రాయర్‌లో పెట్టి తాళం వేశారు.

మా తిండికి కూడా మాటలు వెతికించేవారు. తునికి పండు, మొర్రి పండు, వెదురు కొమ్ముల కూర. ఇప్పపువ్వుకైతే మూడు శనివారాలు పట్టింది. మా తిండి విషయంలో ఆయనకు సిగ్గూ లేదు, చిన్నచూపూ లేదు. అందుకే మామిడికాయ దగ్గర ఆయన చేసిన పని నాకు ఇంకా కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. మార్చి నెల. ఆ శనివారం డబ్బా మూత తీస్తే పచ్చి మామిడికాయ ముక్కలు. ఆయన తోటలోవే. ఉప్పు, కారం ఏమీ వేయలేదు, రుచి మీద మరే రుచీ కప్పకూడదని. తలా ఒక ముక్క పంచారు. బయటి ఊళ్ళ పిల్లలు వెంటనే నోట్లో వేసుకున్నారు. మేము, కోయ పిల్లలం, ముక్కను చేతిలో పెట్టుకుని కూర్చున్నాం.

మా ఊళ్ళల్లో కొత్త పంట ఏదైనా పండుం చేసేదాకా నోట పెట్టం. పండుం అంటే పండుగ. చిక్కుళ్ళకు ఒకటి, కొత్త బియ్యానికి ఒకటి, మామిడికి ఒకటి. ఊరి పూజారి రోజు చెప్పాలి, ఊరంతా ఒక చోట చేరాలి, కొత్తది ముందు దేవతకు పెట్టాలి, ఆ తర్వాతే మనిషి నోటికి. మామిడికి చేసేదాన్ని మామిడి కొత్త అంటాం. అది కాకముందు చెట్టు కింద రాలిన పిందెను కూడా తినం. తింటే ఇంటికి కీడు అని నమ్మకం. ఇది మా పిల్లల్లో అందరికీ తెలుసు, ఎవరికీ ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. అందుకే సార్‌కి ఎట్లా చెప్పాలో మాకు తెలియలేదు.

"ఏం, పళ్ళు పులుస్తాయా?" అన్నారు సార్. మొదటి బెంచీలో నేనున్నాను. రుచుల క్లాసులో నాకే మార్కులు ఎక్కువ.

"నువ్వు చెప్పు. ఎందుకు తినట్లేదు?"

"తినగూడదు సార్."

"ఎందుకు కూడదు?"

"కొత్త కాలే సార్. తినగూడదు."

మూఢనమ్మకాలు హాస్టల్ గేటు బయట వదిలేసి రావాలన్నారు. రుచి చూడకుండా మాట నేర్చుకుంటే చిలకకీ నీకూ తేడా ఏమిటన్నారు. చివరికి, తినకపోతే ఈసారి యూనిట్ టెస్టులో సున్నా వేస్తానన్నారు. నోట్లో పెట్టుకున్నట్టు నటించి దవడన దాచుకుంటే సరిపోయేది. నాకప్పటికి ఆ తెలివి లేదు. తిన్నాను. తిని, లేచి నిలబడి, మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పాను. మొదట షార్ప్, చురుక్కుమంది; నములుతుంటే టార్ట్, గట్టి పులుపు; మింగాక ఆస్ట్రింజెంట్. సార్ ముఖం వెలిగిపోయింది. ఆ మూడు మాటలూ బోర్డు మీద రాసి పక్కన నా పేరు రాశారు. నా వెనక ముక్కలు చేతిలో పట్టుకున్నవాళ్ళు నన్నే చూస్తున్నారని తెలుసు. వెనక్కి తిరగలేదు.

ఆ నెలాఖరుకు కొత్త కోసం ఇంటికి వెళ్ళాను. అప్పటికి మా తమ్ముడికి నాలుగు రోజులుగా జ్వరం. పండుం రోజు దేవత గద్దె ముందు మామిడికాయలు కుప్ప పోశారు. కొయ్యబోయే ముందు పూజారి ప్రతి ఏడూ అడిగే మాటే అడిగాడు.

"ఎవరన్న ముందుగాల ముట్టిండ్రా?"

దానికి ఎవరూ జవాబు చెప్పరు. అది ఊరికే అడిగే ప్రశ్న. నేను చెప్పాను. తమ్ముడి జ్వరం నా వల్లే వచ్చిందని నాకు గట్టిగా అనిపించింది. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పండుం ఆపి, మళ్ళీ నీళ్ళు చల్లి, మా ఇంటి కోడిని కోసి మొదటి నుంచి చేశారు. ఆ రోజు మామిడికాయ నాకు పెట్టలేదు. తమ్ముడికి జ్వరం దమ్మపేట దవాఖానాలో సూది వేయించాక తగ్గింది. నాయన మాత్రం ఒకటే మాట అన్నాడు.

"సాలు బిడ్డా. ఇగ బడి సాలు."

మా ఊళ్ళో ఎనిమిది దాటి చదివిన ఆడపిల్లను నేనే. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు. తప్పు చేశాననే నమ్మాను కాబట్టి శిక్ష న్యాయమే అనిపించింది. పొద్దున్నే మేకలు తోలుకుని పోతూ, దారిలో కనిపించిన ఆకునల్లా కొరికి దాని మూడు మాటలు నాలో నేనే చెప్పుకునేదాన్ని. ఆ పది రోజులూ నాకు బడి మీద బెంగగానే ఉండేది.

పదకొండో రోజు సార్ వచ్చారు. వాగు దగ్గర ఇసకలో మోపెడ్ నడవక అక్కడే వదిలేసి, రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి వచ్చారు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నాయన మంచం వాల్చాడు. సంగతేమిటో తోటి పిల్లలు అప్పటికే ఆయనకు చెప్పారట.

"సారూ, మీ సదువు మంచిదే గావొచ్చు," అన్నాడు నాయన. "గానీ ఇన్నేండ్లు మా పక్కన ఉండి గిది ఎరగకపోతే ఎట్ల?"

"నిజమే. మా తాత కాలం నుంచి మీ పక్కనే ఉన్నాం. నాకు తెలియదు. తెలుసుకోలేదు. పిల్ల తప్పేం లేదు, నేనే తినిపించాను. మీ ఊళ్ళో తప్పు చేసినవాడు ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను."

ఇది మా ఇంట్లో అన్న మాట కాదు. నాయన పూజారినీ, నలుగురు పెద్దవాళ్ళనూ పిలిపించాక వాళ్ళ ముందు నిలబడి అన్న మాట. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు. పూజారి చాలా ముసలివాడు. పొగాకు నలుపుకుంటూ అంతా విన్నాడు.

"నువ్వు మా ఊరోనివి గాదు. నీ తాన కోడి తీస్కుంటే ఏమొస్తది?" అన్నాడు చివరికి. "ఒక్క పని జెయ్యి. అచ్చే ఏడు మా కొత్త అయినంక కబురు పంపుతం. గప్పటిదాక మామిడికాయ తినకు. పచ్చడి గాదు, పప్పు గాదు, ఏదీ గాదు. నీ తోటల కాయ నీ కండ్ల ముందట ఉంటది. తినకు."

సార్ సరేనన్నారు. నాయన అక్కడితో ఊరుకోలేదు. "సారు మాట మీద నిలవడితే పిల్ల సదువుతది. తప్పిండంటే పరీక్ష ముందట అయినా సరే, తోల్కపోత."

అట్లా నా పదో తరగతి పరీక్ష సార్ నాలుక మీదికి వచ్చి పడింది.

ఆ మరుసటి వసంతం ఎట్లా గడిచిందో నాకు చాలావరకు తర్వాత సారు భార్య చెప్పారు. ఆమెను మేము మేడం అంటాం. ఆమె ఎక్కడా పాఠం చెప్పలేదు, అయినా మేడమే. ఆ ఏడు వాళ్ళింట్లో ఉగాది పచ్చడిలో వగరుకి జామ పిందె తరిగి వేశారట. చుట్టాలు నవ్వారట. తోట కాపు కొనడానికి వచ్చిన వ్యాపారులు కాయ కోసి ముక్క చేతిలో పెడితే, తన తోట కాయ రుచి తనే చెప్పలేక, "మీరే తిని చెప్పండి," అనేవారట. మా ఊరి నుంచి ఆ తోటలోకి కూలికి వెళ్ళే మనిషి ఒకడున్నాడు. నాయన వారానికోసారి అతన్ని పట్టుకుని అడిగేవాడు. సార్‌కి కూడా ఆ సంగతి తెలుసు.

పరీక్షలు ఇంకో నాలుగు రోజులుండగా ఆ మనిషి వచ్చి, సార్ మామిడి ముక్క నోటి దాకా తీసుకుపోవడం చూశానన్నాడు. ఇది నాయన నాకు చెప్పింది ఎన్నో ఏళ్ళ తర్వాత.

"నమిలిండా?" అని అడిగాడట నాయన.

"ఏమో. వాసన జూసినట్టుంది."

"జూసినట్టుందా, జూసిండా? సక్కగ జెప్పు."

"వాసన జూసి షావుకారి చేతిల పెట్టిండు."

నాయన ఆ పూట అన్నం తినకుండా కూర్చుని ఆలోచించాడట. వాసన తినడం కిందికి వస్తుందా రాదా అని. చివరికి రాదని తేల్చుకున్నాడు. పూజారిని అడగలేదు, అడిగితే ఏమంటాడోనని. నేను పరీక్ష రాశాను. మా నాయన నిజాయితీ మనిషి, ఆ ఒక్క రోజు మాత్రం కొంచెం నా వైపు ఒరిగాడు.

కొత్త అయిన మర్నాడు పోస్టుకార్డు రాశాను, ఇక తినవచ్చని. వారానికి జవాబు వచ్చింది. క్షేమ సమాచారాలు ఏమీ లేవు. ఇంగ్లీషులో మూడు వాక్యాలు, మొదట, మధ్య, చివర. నా మూడు మాటల్లో ఒకటి కొట్టేసి, అంతకన్నా మంచిది పెట్టారు. టార్ట్ బదులు ట్యాంగీ అట, ఆ ఏడు కాయలో పులుపు చాటున కాస్త తీపి ఉందట.

పూజారి అడిగింది ఒక్క ఏడు. సార్ మళ్ళీ ఏడూ ఆగారు. ఆ పై ఏడూ ఆగారు. మా పూజారి పోయాడు, ఆయన కొడుకు పూజారి అయ్యాడు, సార్ రిటైరయ్యారు, పోస్టుకార్డులు పోయి ఫోన్లు వచ్చాయి. ప్రతి ఏడూ నేను కబురు చెప్పాకే తిన్నారు. ఇరవై ఏళ్ళ పైమాట. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆగి తింటే మొదటి ముక్క రుచి ఇంకా బాగా తెలుస్తోంది. అంతే. నువ్వు దీంట్లో పెద్ద విశేషమేదో వెతక్కు," అని విసుక్కున్నారు. వెంటనే నా ఉద్యోగం మీద పడ్డారు. నా రిపోర్టులు చదివేవారు, నేనే పంపేదాన్ని. "ప్రతి మిర్చికీ లింగరింగ్ అని రాస్తున్నావేంటి? మింగాక మంట అన్నిట్లోనూ ఒకేలా నాలుక మీద నిలుస్తుందా? బద్ధకం." ఆ మాట నిజమే. ఆ రోజు నుంచి లింగరింగ్ రాసే ముందు ఇంకోసారి నాలుక మీద పెట్టి చూస్తున్నాను.

దహనానికి నేను ఆలస్యంగా చేరాను. చితి సగం కాలింది. చూసి, దండం పెట్టి, వచ్చేశాను. మేడంతో మాట్లాడటానికి వీలు కాలేదు. పెద్దకర్మకు మాత్రం పొద్దున్నే వెళ్ళాను.

తోటలోనే షామియానా వేశారు. షామియానా గుడ్డకి పైనా పక్కనా కాయలు వేలాడుతున్నాయి. వంట దగ్గర ఏదో గొడవ జరుగుతోంది. సారు తమ్ముడు, ఎర్రగా పొడుగ్గా ఉంటాడు, వంటవాళ్ళతో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"అన్నయ్యకి మామిడికాయ పప్పంటే ప్రాణం. తోట నిండా కాయలు పెట్టుకుని పెద్దకర్మకి టమాటా పప్పేంటి వదినా? ఆయన పేరున ఇవాళ పెట్టకపోతే ఇంకెప్పుడు పెడతారు?"

"కబురు రాలేదు," అన్నారు మేడం.

"ఆ కబురూ అదీ అన్నయ్యకి. అన్నయ్యే లేడు."

"ఆయన ఒక్కరే ఆగారని ఎవరన్నారు? కబురు రాకుండా ఈ ఇంట్లో మామిడికాయ పొయ్యెక్కలేదు, నేనూ తినలేదు. పాతికేళ్ళకి దగ్గర పడింది. ఇవాళ తప్పుతానా?"

నాకు అప్పటిదాకా తెలియదు. సార్ ఒక్కరే ఆగుతున్నారనుకున్నాను. ఆ ఇంటికి అన్నిసార్లు వెళ్ళి, ఆమె చేతి కాఫీ తాగి, ఒక్కసారి కూడా అడగలేదు. తాను ఏ తప్పూ చేయకుండా, ఏ పూజారీ చెప్పకుండా ఆమె ఆగారు. సిగ్గుపడ్డాను.

ఆమె నా వైపు తిరిగి, "మీ వాళ్ళు ఎప్పుడు చేస్తున్నారమ్మా?" అని అడిగారు. చెట్టు చాటుకు వెళ్ళి నాయనకు ఫోన్ చేశాను.

"ఇంకా ఆరొద్దులున్నది బిడ్డా."

"ఇయ్యాల సార్ పెద్దకర్మ నాయనా. పప్పుల మామిడికాయ ఎయ్యాల్నా వద్దా అని అడుగుతున్నరు."

నాయన పక్కన మేకల గంటలు వినిపించాయి.

"ఆగమను. గన్నేండ్లు ఆగిండు. ఆరొద్దులకు ఏమైతది?" అన్నాడు. తర్వాత ఫోన్ పెట్టేయకుండా, "మేడమ్మకు నేను జెప్పిన్నని జెప్పు," అన్నాడు.

మేడం విని తల ఊపి, వంటవాళ్ళకు టమాటాలు చూపించారు. తమ్ముడుగారు అలిగి దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు గానీ, భోజనాల వేళకు వచ్చి అదే పప్పు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆరు రోజుల తర్వాత ఆఫీసుకు సెలవు పెట్టి మా ఊరు వెళ్ళాను. మామిడి కొత్తలో దేవతకు పెట్టాక, మనుషులు తినేముందు, చనిపోయినవాళ్ళకు కూడా పెడతారు. ప్రతి ఇంటివాళ్ళూ తమ పెద్దల పేరున మోదుగాకులు వరసగా పరుస్తారు. పూజారి ఒక్కో వరస దగ్గరికీ వచ్చి, ఒక్కో ఆకులో కాస్త అన్నం, ఒక మామిడి ముక్క పెట్టి, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తాడు. మా ఇంటి వరసలో నాలుగు ఆకులుండాలి. తాత, నానమ్మ, పెదనాన్న, పుట్టగానే పోయిన మా అక్క. ఆ రోజు ఐదున్నాయి.

పూజారి నాలుగు ఆకుల్లో పెట్టి, ఐదో దాని దగ్గర ఆగాడు.

"ఇదెవలది?"

"సారుది," అన్నాడు నాయన.

"ఏ సారు? గా ఇంగ్లీష్ సారా?"

"అవ్."

పూజారి నడుం నిటారుగా చేసి పెద్దవాళ్ళ వైపు చూశాడు. "మనోడు గాదు గదా. ఇంటిపేరు గలవదు. ఏ వరసల పిలవాలె?"

"మా వరసల్నే పిలువు."

పెద్దవాళ్ళలో ఒకాయన దగ్గాడు. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు. పూజారి వంగి అన్నం పెట్టాడు, మామిడి ముక్క పెట్టాడు.

"పేరేంది ఆయనది?"

నాయన నా వైపు చూడలేదు. "పేరుతోని మాకేం పని? సారూ అని పిలువు. వస్తడు."

పూజారి అట్లాగే పిలిచాడు. మా తాతను పిలిచిన గొంతుతోనే.

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. సార్ పోయిన రోజు రానిది, చితి దగ్గర రానిది, అంతమందిలో వచ్చింది. పక్కకు వెళ్ళి ముఖం తుడుచుకుని మేడంకి ఫోన్ చేసి, అయిందని చెప్పాను. ఆకు సంగతి కూడా చెప్పాను. ఆమె విని, "సరేనమ్మా, పప్పు పెడతాను," అని ఫోన్ పెట్టేశారు.

నేను తిరిగొచ్చేసరికి జనం ఆకుల దగ్గర నుంచి లేచి తిండి వైపు వెళ్తున్నారు. గాలి లేచింది. మా వరసలో చివరి ఆకు ఒక అంచు పైకి లేస్తోంది. నాయన వెనక్కి వచ్చి, చుట్టూ చూసి, చిన్న రాయి ఒకటి వెతికి తెచ్చి, మామిడి ముక్కకు తగలకుండా, ఆకు అంచు మీద పెట్టాడు.